టెక్సాస్ స్కూల్ రేటింగ్ సైటు: పెద్ద అక్షరం కన్నా కింది గడులే పనికొస్తాయి

డాలస్ చుట్టుపక్కల కొత్త కమ్యూనిటీల్లో ఏ మోడల్ హోమ్‌లోకి అడుగుపెట్టినా, కౌంటర్ మీద గ్రానైట్ శాంపిల్ పక్కనే స్కూళ్ల పేర్లున్న కాగితం కనిపిస్తుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఇంటి చదరపుటడుగుల కంటే ముందు వచ్చే ప్రశ్న "రేటింగ్ ఎంతండీ?" అనే. దానికి చాలామంది చెప్పే జవాబు జిల్లో అనే ఇళ్ల సైటులో కనపడే పదికి ఇన్ని అనే అంకె. ఆ అంకె గ్రేట్‌స్కూల్స్ అనే స్వచ్ఛంద సంస్థ వేసేది, టెక్సాస్ ప్రభుత్వానిది కాదు. ప్రభుత్వం ఇచ్చేది ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం. అది ఉండేది టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో. నడిపేది టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే అందరూ టీఈఏ అనేది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ప్రకటనల గోల లేదు.

ముందే తేల్చి చెప్పాలంటే ఐదుకి మూడున్నర. లోపలున్న డేటాకి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. పోయిన ఒకటిన్నరలో ఒకటి, ఆ డేటానంతా ఒక్క అక్షరంలో కుక్కి పేజీ నెత్తిన పెట్టినందుకు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టరుండే జిల్లా లాంటిది కాదు. ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) అనేది స్వతంత్ర స్థానిక సంస్థ. దానికి ఎన్నికైన బోర్డు, సొంత సూపరింటెండెంట్, సొంత పన్ను ఉంటాయి. ఊరి సరిహద్దుకీ దీనికీ పొంతన ఉండదు. ఫ్రిస్కో అడ్రసున్న ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉండొచ్చు, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల్లో దేనిలోనైనా ఉండొచ్చు. అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ వైపు కొన్ని వీధులు కొపెల్ ఐఎస్‌డీ కిందకొస్తాయి. కాబట్టి ఊరి పేరుతో వెతికి "మాది ఏ రేటెడ్" అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో ఇంటి అడ్రసు కొట్టి, పన్ను వేసే సంస్థల వరసలో ఏ ఐఎస్‌డీ పేరుందో చూడండి. తర్వాత ఆ ఐఎస్‌డీ సొంత సైటులో అటెండెన్స్ జోన్ లొకేటర్లో అదే అడ్రసు కొడితే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూలు పేర్లు మూడూ వస్తాయి. ఆ మూడు పేర్లు చేతిలో పెట్టుకుని అప్పుడు రేటింగ్ సైటు తెరవాలి. డిస్ట్రిక్ట్ అక్షరం చూసి ఊరుకుంటే లాభం లేదు, మీ పిల్లాడు కూర్చునేది క్యాంపస్‌లో.

ఇక పెద్ద అక్షరం ఎలా పుడుతుందో చూద్దాం. 2017లో శాసనసభ హౌస్ బిల్ 22 చేసింది. 2018లో డిస్ట్రిక్టులకీ, 2019 నుంచి విడివిడి క్యాంపస్‌లకీ అక్షరాలు మొదలయ్యాయి. మూడు డొమైన్లు. స్టూడెంట్ అచీవ్‌మెంట్ అంటే పిల్లలు ఎంత తెచ్చుకున్నారు. స్కూల్ ప్రోగ్రెస్ అంటే ఎంత ఎదిగారు. క్లోజింగ్ ది గ్యాప్స్ అంటే వెనకబడ్డ గుంపులు ఎంతవరకు అందుకున్నాయి. రెండో డొమైన్లో మళ్లీ రెండు భాగాలు: అకడమిక్ గ్రోత్, రిలేటివ్ పెర్ఫార్మెన్స్. ఈ రెంటిలో మెరుగైనదాన్ని తీసుకుంటారు. దాన్ని స్టూడెంట్ అచీవ్‌మెంట్‌తో పోల్చి, మళ్లీ ఏది ఎక్కువైతే దానికి 70 శాతం బరువిస్తారు. మిగతా 30 శాతం క్లోజింగ్ ది గ్యాప్స్‌ది.

లెక్క కట్టి చూపిస్తే సులువు. ఒక క్యాంపస్‌కి అచీవ్‌మెంట్‌లో 82, గ్రోత్‌లో 91, రిలేటివ్‌లో 86, గ్యాప్స్‌లో 74 వచ్చాయనుకోండి. మూడింట్లో పెద్దది 91. దాన్లో 70 శాతం 63.7. 74లో 30 శాతం 22.2. కలిపితే 85.9, అంటే 86, బి. ఇందులో 82, 86 రెండూ ఫైనల్ లెక్కలోకి రానే లేదు. ఇంకో క్యాంపస్‌లో అచీవ్‌మెంట్ 91, గ్రోత్ 68, గ్యాప్స్ అదే 74 ఉన్నా ఇదే బి వస్తుంది. మొదటిది పిల్లల్ని లాక్కొస్తున్న స్కూలు, రెండోది వచ్చిన మార్కుల్నే చూపించుకుంటున్న స్కూలు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. అందుకే పేజీ తెరవగానే అక్షరం దాటి కిందికి జరిపి ఈ నాలుగు అంకెల్ని విడిగా కాగితం మీద రాసుకోండి. సైటు వాటిని దాచలేదు, రెండు నొక్కుల అవతల పెట్టింది, అంతే.

ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్లలో అచీవ్‌మెంట్ అంటే మొత్తం రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షే. ఆ పరీక్ష మూడో తరగతిలో మొదలవుతుంది. ఎనిమిది దాకా ఏటా రీడింగ్, లెక్కలు. అయిదులోనూ ఎనిమిదిలోనూ సైన్స్, ఎనిమిదిలో సోషల్ అదనం. ఫలితానికి అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు మెట్లు. ఈ మూడు శాతాల్ని కూడి మూడుతో భాగిస్తారు. మాస్టర్స్ అందుకున్న పిల్లాడు కింది రెండు మెట్లలోనూ లెక్కకొస్తాడు కాబట్టి వాడు మూడుసార్లు పడతాడు. అప్రోచెస్‌లో ఆగినవాడు ఒక్కసారే. ఏ-ఎఫ్ పద్ధతి మొదలైనప్పుడు 90, 60, 30 శాతాలుంటే సగటు 60 వస్తుందనీ, ఆ 60కి ఏ అనీ పెట్టారు. ఆ 60ని స్కేలు మీద 90గా మార్చి చూపిస్తారు. ఇది తెలీక "నూటికి తొంభై మార్కులొచ్చిన స్కూలు" అనుకునేవాళ్లున్నారు. సైటులో కనపడే 90 పిల్లల మార్కు కాదు, మార్చిన మార్కు.

గ్రోత్ గడి మీద కాసేపు ఆగాలి, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నిరుడు పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడు, ఈసారి ఎక్కడున్నాడు అని పట్టికలో పెట్టి సున్నా, అర, ఒకటి పాయింట్లిస్తారు. అప్రోచెస్‌ని, దానికి కూడా అందని డిడ్ నాట్ మీట్ మెట్టుని మళ్లీ లో, హై అని చీల్చారు, చిన్న కదలిక కూడా దొరకాలని. పైన మాత్రం మాస్టర్సే ఆఖరి మెట్టు. నిరుడూ ఈయేడూ మాస్టర్స్‌లోనే ఉన్న పిల్లకి పూర్తి పాయింటు పడుతుంది. ఆ పిల్ల ఏడాదంతా కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా అంతే, రెండు తరగతుల ముందుకెళ్లినా అంతే. మీ పిల్లలు ఇప్పటికే మాస్టర్స్‌లో ఉంటే ఆ స్కూలు గ్రోత్ మార్కు వాళ్ల గురించి ఏమీ చెప్పదు. అలాంటివాళ్లకి మ్యాథ్ యాక్సిలరేషన్ ఏ తరగతి నుంచి ఇస్తారు, ఆల్జీబ్రా వన్ ఏడులో దొరుకుతుందా ఎనిమిదిలోనా అన్న ప్రశ్నలే అసలువి. వాటికి ఈ సైటులో జవాబు లేదు, కౌన్సెలర్ని అడగాల్సిందే.

రిలేటివ్ పెర్ఫార్మెన్స్‌ని ఎవరూ పట్టించుకోరు కానీ నిజానికి అది ఎక్కువ చెబుతుంది. ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులైన పిల్లల శాతం ఒకేలా ఉన్న స్కూళ్లతో పోల్చి వేసే మార్కు అది. బాగా డబ్బున్న సబర్బ్ స్కూలు తనలాంటి డబ్బున్న స్కూళ్లతోనే పోటీ పడాలి. అచీవ్‌మెంట్‌లో ఏ, రిలేటివ్‌లో సి ఉన్న క్యాంపస్ కనపడితే ఒక అర్థం ఇలా తీసుకోవచ్చు: ఇలాంటి ఇళ్లనుంచి వచ్చే పిల్లలతో మిగతా స్కూళ్లు ఇంతకంటే బాగా చేస్తున్నాయి. సాయంత్రాలు కుమోన్ ట్యూషన్లోనో, ఎవరింటి గరాజ్‌లోనో నేర్చుకున్న లెక్కలు కూడా స్కూలు ఖాతాలోనే పడతాయని మర్చిపోకూడదు. మన పిల్లలు ఎక్కువున్న క్యాంపస్‌లలో ఈ తేడా మరీ ముఖ్యం.

హైస్కూళ్ల లెక్క వేరు. స్టార్‌కి 40 శాతం, సీసీఎంఆర్‌కి 40, గ్రాడ్యుయేషన్ రేటుకి 20. సీసీఎంఆర్ అంటే కాలేజీకో, ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధంగా ఉన్నారా అన్న కొలత. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో రీడింగ్-రైటింగ్‌కి 480, లెక్కల్లో 530 దాటినా, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో మూడొచ్చినా, హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ తెచ్చే డ్యూయల్ క్రెడిట్ గంటలు పూర్తి చేసినా, ఆమోదించిన ఇండస్ట్రీ సర్టిఫికెట్ తెచ్చినా ఆ పిల్ల సిద్ధం కిందే లెక్క. సులువైన సర్టిఫికెట్లిప్పించి శాతం పెంచుకునే దారి ఇక్కడే ఉంది. తర్వాత కాలంచెల్లిన సర్టిఫికెట్ల మీద పరిమితి పెట్టారు. ఇంకో లొసుగు: ఈ సీసీఎంఆర్ ఒక ఏడాది పాతది. 2025 రేటింగ్‌లో ఉన్నది 2024లో పాసై వెళ్లిపోయిన బ్యాచ్.

ఈ సీసీఎంఆరే పెద్ద కోర్టు గొడవకి మూలం. 2023లో కట్‌ఆఫ్‌లు సవరించినప్పుడు ఏ రావడానికి 60 ఉంటే చాలన్నదాన్ని ఒక్కసారిగా 88కి పెంచారు. ఆ పిల్లలు అప్పటికే గ్రాడ్యుయేటై వెళ్లిపోయారు, ఆట అయ్యాక రూలు మార్చారంటూ వందకి పైగా డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లాయి. 2023 అక్షరాలు ఆగిపోయి 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. 2024వి కూడా ఇంకో కేసులో చిక్కుకుని, 2025 ఆగస్టు 15న ఆ ఏటి రేటింగులతో కలిసి ఒకేరోజు వచ్చాయి. రెండో కేసులో ఒక అభ్యంతరం స్టార్ వ్యాసాల్ని కంప్యూటర్ దిద్దడం గురించి. ఈ చరిత్ర ఎందుకంటే, సైటులో ఏళ్లవారీ వరస చూసి "2022లో ఏ, 2023లో సి, స్కూలు పాడైపోయింది" అని తీర్మానం చేసేవాళ్లు చాలామంది. రెండేళ్ల మధ్య కొలబద్దే మారింది. 2023, 2024, 2025 మూడూ ఒకే పద్ధతి కాబట్టి వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చు. 2020, 2021లలో కోవిడ్ వల్ల రేటింగే లేదు. 2022లో ఏ, బి, సి మాత్రమే ఇచ్చి డి, ఎఫ్ రావాల్సినవాటిని నాట్ రేటెడ్‌గా వదిలేశారు. సైటు ఈ తేడాల్ని ఇంకా పెద్దక్షరాలతో చెప్పాల్సింది. అర మార్కు ఇక్కడే పోయింది.

డిస్ట్రిక్ట్ అక్షరం సంగతి. 2023 నుంచి దాన్ని విడిగా లెక్కకట్టడం మానేశారు. మూడు నుంచి పన్నెండు దాకా పిల్లల సంఖ్యని బట్టి క్యాంపస్‌ల మార్కుల్ని బరువుతో సగటు చేస్తారు. పెద్ద హైస్కూళ్లు తూకాన్ని తమవైపు లాగుతాయి. ఒక్క క్యాంపస్‌కి డి లేదా ఎఫ్ ఉన్నా డిస్ట్రిక్ట్‌కి ఏ రాదు, 89 దగ్గర ఆపేస్తారు. కాబట్టి 89 బి ఉన్న పెద్ద డిస్ట్రిక్ట్ కనపడితే ఎక్కడో ఒక మూల చిక్కుకున్న స్కూలుందేమో వెతకండి. అది మీ జోన్‌ది కాకపోవచ్చు.

రేటింగ్ వల్ల ఒరిగేదేంటి అనేవాళ్లకి హూస్టన్ జవాబు. 2015లో వచ్చిన హౌస్ బిల్ 1842 ప్రకారం ఒక్క క్యాంపస్ వరసగా అయిదేళ్లు ఫెయిలైతే, టీఈఏ కమిషనర్ దాన్ని మూసేయాలి లేదా డిస్ట్రిక్ట్ బోర్డునే పక్కనపెట్టి తన మేనేజర్ల బోర్డుని కూర్చోబెట్టాలి. వీట్లీ హైస్కూల్ ఒక్కదానితో మొదలైన వ్యవహారం ఏళ్లతరబడి కోర్టుల్లో నడిచి, 2023 జూన్‌లో హూస్టన్ ఐఎస్‌డీ మొత్తం రాష్ట్రం చేతికెళ్లింది. 2025 రేటింగుల్లో అక్కడ ఎఫ్ ఉన్న క్యాంపస్ ఒక్కటీ లేదు. అదే సమయంలో పిల్లల సంఖ్య తగ్గింది, టీచర్లు చాలామంది వెళ్లిపోయారు. ఈ రెండో సంగతి అక్షరంలో ఎక్కడా కనపడదు. 2025 అక్టోబర్‌లో ఫోర్ట్‌వర్త్ వంతు వచ్చింది. అక్కడ కారణమైన ఆరో తరగతి క్యాంపస్‌ని అప్పటికే మూసేసినా రూలు వదల్లేదు.

ఒత్తిడి ఎంతుంటే అంత దొంగదారి కూడా ఉంటుంది. ఏ-ఎఫ్ రాకముందు ఎల్ పాసోలో పదో తరగతి పరీక్షని తప్పించడానికి ఇంగ్లిష్ సరిగా రాని పిల్లల్ని తొమ్మిది నుంచి పదకొండుకి ఎత్తి వేశారు. అప్పటి సూపరింటెండెంట్ లొరెంజో గార్సియా 2012లో జైలుకెళ్లాడు. మనకిది కొత్తేం కాదు, టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ర్యాంకులు చదివే ప్రకటనలతో పెరిగినవాళ్లం. తేడా ఒకటుంది. ఆ ప్రకటన మెరికల్ని మాత్రమే చూపిస్తుంది. టీఈఏ లెక్కలో అందరూ రావాలి, అక్టోబర్ చివరి శుక్రవారం ఏ క్యాంపస్‌లో పేరుందో ఆ క్యాంపస్ ఖాతాలో. జనవరిలో చేరిన పిల్ల మార్కులు కొత్త క్యాంపస్‌కి అంటవు.

చిన్న పిల్లలున్నవాళ్లకి ఒక హెచ్చరిక. కిండర్ నుంచి రెండు దాకా మాత్రమే ఉండే క్యాంపస్‌లలో స్టార్ పరీక్షే లేదు. అలాంటిదాన్ని అదే డిస్ట్రిక్ట్‌లో ఇంకో క్యాంపస్‌తో జతకడతారు, దాని మార్కే దీనికీ వేస్తారు. అక్కడ కనిపించే ఏ, ఆ భవనంలో ఒక్క పిల్లాడూ రాయని పరీక్షది.

హోమ్ లాంగ్వేజ్ సర్వే గురించి కూడా చెప్పాలి. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష ఎక్కువ మాట్లాడతారు అని అడుగుతారు. తెలుగు అని రాస్తే నాలుగు వారాల్లోపు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. అందులో తగినంత రాకపోతే ఎమర్జెంట్ బైలింగ్వల్ అనే పేరు పడుతుంది, ఏటా వసంతంలో టెల్‌పాస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. దానికి భయపడి ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. నిజమే రాయండి. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలు ఆ మొదటి పరీక్షలోనే బయటపడతారు, రానివాళ్లకి చట్టప్రకారం రావాల్సిన సాయం ఆ ఒక్క గీత వల్లే అందుతుంది. టెల్‌పాస్‌లో పిల్లలు ముందుకు జరిగితే క్లోజింగ్ ది గ్యాప్స్‌లో స్కూలుకీ మేలే.

గ్రేట్‌స్కూల్స్‌తో పోలిస్తే? ఆ పది మార్కుల్లో కూడా పరీక్ష ఫలితం, ఎదుగుదల, హైస్కూలుకి కాలేజీ సిద్ధత ఉంటాయి, కానీ డేటా అక్కడికి చేరడానికి ఆలస్యమవుతుంది, బరువులు వాళ్ల ఇష్టం. జిల్లో, రెడ్‌ఫిన్ రెండూ దాన్నే చూపిస్తాయి. నిష్ అనే ఇంకో రేటింగ్ సైటు అయితే తల్లిదండ్రుల, విద్యార్థుల అభిప్రాయాలు కూడా కలుపుతుంది. ఎంచడానికి ఆ రెండూ పనికొస్తాయేమో, సంతకం పెట్టేముందు మాత్రం టీఈఏ లెక్కే చూడాలి. ఇంకా లోతుకెళ్లాలంటే టీఈఏ వెబ్‌సైటులోనే టీఏపీఆర్ అనే నివేదిక ఉంటుంది. చూడ్డానికి ఆదాయపన్ను ఫారంలా ఉంటుంది కానీ టీచర్ల అనుభవం, ఏడాది మధ్యలో వచ్చిపోయే పిల్లల శాతం, ఏషియన్ పిల్లల ఫలితం విడిగా, అన్నీ దొరుకుతాయి. డిస్ట్రిక్ట్ నివేదికలో టీచర్ టర్నోవర్ ఒక్కటి చూసినా సగం కథ తెలుస్తుంది.

మీ పిల్లల సొంత ఫలితం వేరే చోట ఉంటుంది: టెక్సాస్ అసెస్‌మెంట్ డాట్ గవ్. స్కూలిచ్చే యాక్సెస్ కోడ్‌తో తెరిస్తే ప్రశ్న, పిల్లాడు రాసిన జవాబు కూడా కనిపిస్తాయి. వ్యాసానికి సున్నా పడి నమ్మబుద్ధి కాకపోతే డిస్ట్రిక్ట్ ద్వారా మళ్లీ దిద్దమని అడగొచ్చు. రుసుము 50 డాలర్లు, మార్కు పెరిగితే కట్టక్కర్లేదు.

రేటింగ్ చూసి ఇల్లు కొనేసినవాళ్లకి ఈ సైటు చెప్పనిది ఒకటుంది: స్కూలు అక్కడే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. పిల్లల సంఖ్య తగ్గి ప్లేనో ఐఎస్‌డీ నాలుగు క్యాంపస్‌లు మూసింది, ఫ్రిస్కో ఐఎస్‌డీ స్టేలీ మిడిల్ స్కూల్ మూసింది, కొపెల్ ఐఎస్‌డీ పింకర్టన్ ఎలిమెంటరీ మూసింది. మరోవైపు వేగంగా పెరిగే చోట్ల జోన్లు తరచూ మారతాయి, తరగతి నిండిపోతుంది. టెక్సాస్‌లో కిండర్ నుంచి నాలుగు దాకా తరగతికి 22 మంది పరిమితి ఉంది. మినహాయింపు తెచ్చుకోకపోతే తర్వాత వచ్చిన పిల్లాణ్ని పక్క క్యాంపస్‌కి పంపుతారు. కాబట్టి ఇంటి ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే వీలున్న ఆప్షన్ పీరియడ్ ముగిసేలోపు క్యాంపస్ ఆఫీసుకి ఫోన్ చేసి రిజిస్ట్రార్ని రెండే అడగండి: మా పిల్లల తరగతి క్యాప్ అయిందా, అయితే ఓవర్‌ఫ్లో ఎక్కడికి పంపుతున్నారు? వాళ్లు చెప్పే రెండో స్కూలు పేరు కూడా రేటింగ్ సైటులో కొట్టి, అవే నాలుగు గడులు రాసుకోండి.

2025లో చేసిన హౌస్ బిల్ 8 వల్ల 2027-28 నుంచి స్టార్ బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలొస్తాయి. అప్పుడు అక్షరాల వరసలో మళ్లీ ఒక గీత పడుతుంది, దానికి ముందువాటితో తర్వాతవాటిని పోల్చకండి.